విస్తీర్ణం: ఒక నావ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఆకుని ఫోను ముందు పెడితే చాలు, తెగులు పేరూ మందు పేరూ అదే చెప్పేస్తుంది మేడమ్ అని చూపిస్తారు. ముచ్చటేస్తుంది. కొంచెం అసూయ కూడా, దాచడం దేనికి. ఆ యాప్ నా దగ్గర ఉండి ఉంటే ఒకటింపావు పేజీల ఆ తప్పుడు నివేదిక నేను రాసేదాన్ని కాదేమో అనుకుంటాను. మళ్ళీ ఆలోచిస్తే, ఉన్నా రాసేదాన్నే అనిపిస్తుంది. ఎందుకో మీరే చూడండి.

ఇది మరీ పాతకాలం మాటేం కాదు. నా రిటైర్మెంటుకి నాలుగేళ్ళ ముందు సంగతి. అప్పటికే ముప్పై ఏళ్ళుగా పూలతోటల పని చేస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా "మొక్కల మేడమ్ వచ్చింది" అనేవారు. ఆ పేరు విని విని నాకు మొక్కల గురించి తెలియనిది లేదనే నమ్మకం కూడా కుదిరిపోయింది.

సీతంపేట కొండల మీద మా నర్సరీలో పన్నీరు గులాబీ తల్లిమొక్కలు ఉండేవి. బొకేల్లో పెట్టే బిర్రుగా ఉండే ఎర్ర గులాబీని తలుచుకోకండి, దానికి అందమే గాని వాసన ఉండదు. ఇది నడుమెత్తు పొద. పువ్వు లేత గులాబీ రంగు, రేకులు వదులుగా ఉంటాయి, పొద్దున్న కోస్తే సాయంత్రానికి రాలిపోతాయి. కానీ ఆ వాసన ఉంది చూశారూ, బస్సు దిగినవాళ్ళు నర్సరీ ఎటు అని ఎవరినీ అడగకుండా నేరుగా గేటు దగ్గరికి వచ్చేసేవారు.

మా పెద్దసారుకి ఒక ఆలోచన వచ్చింది. ఈ గులాబీ కొండమీద తప్ప ఇంకెక్కడా బతకదా? కొండమీద ఒక మడి, కొత్తవలస దగ్గర మెట్టనేలలో ఒక మడి, సముద్రం ఒడ్డున ఒక మడి వేసి చూడండి అన్నారు. ఎక్కడ బతికితే అక్కడి ఆడవాళ్ళ సంఘాలకి వానలు పడగానే మొక్కలు ఉచితంగా పంచుతారు. బతకని చోటు పేరు జాబితాలో ఉండదు. చూసి, నివేదిక రాసే పని నాది.

మొక్కలు తయారు చేసింది మా నర్సరీ పెద్ద మాలీ. పాతపట్నం వైపు మనిషి, మాటల మధ్యలో ఒడియా దొర్లుతుంది, గులాబీని గొలాపొ అంటాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయనకి కొమ్మ నాటడమంటే ఆడపిల్లని పెంచడమే. మొక్కలు కొండ దిగేరోజు ప్రతి జట్టుతోనూ ఒక గోనెసంచి నిండా తల్లిమొక్క కింద మట్టి తవ్వి ఇచ్చేవాడు.

"ఇదేటి బాబాయ్, మట్టి అక్కడ ఉండదా?"

"సారె అమ్మా. పిల్లని ఉత్త సేతుల్తో పంపుతామేటి? కొత్త సోట బెంగెట్టుకోదా?"

సారెతో ఊరుకోడు. ఇంకో ఆచారం కూడా ఉంది. "పిల్లనిచ్చినాక ఓపాలి ఎల్లి సూడాల. ఏటి తింటన్నాదో, ఏటి తాగుతన్నాదో సూసి రావాల." అలా తను మొక్కలిచ్చిన ఇళ్ళకి సెలవు పెట్టుకుని మరీ తిరిగేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్ళం.

కొత్తవలసకి సారె వెళ్ళింది. సముద్రం ఒడ్డుకి వెళ్ళలేదు. ఆ రోజు జీపులో మొక్కలతో పాటు మా పథకం పేరు రాసిన ఇనుప బోర్డు ఒకటి ఎక్కించాల్సి వచ్చింది. సంచికి చోటు లేకపోయింది. మట్టి కావాలా బోర్డు కావాలా అంటే నేను బోర్డే కావాలన్నాను. బాబాయ్ సంచిని గేటు పక్కనే దించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఒడ్డున ఉన్న ఆ ఊరు పేరు ఎందుకులెండి. తుఫాను షెల్టరు వెనక ఖాళీ స్థలంలో మడి వేశాం. పక్కనే బోరు కూడా ఉంది, అదృష్టం అనుకున్నాను. మొక్కలు పాతిస్తుంటే చేపలమ్ముకుని తిరిగి వస్తున్న ఒక మనిషి గంప దించి నిలబడింది. నల్లగా, దిట్టంగా ఉంటుంది, గొంతు కెరటాలకి అవతల వినిపిస్తుంది. ఊరంతా ఆమెని అప్ప అనేవారు. మా వైపు అప్ప అంటే అక్క.

"ఏటి మేడమ్మా, ఏటి పాతుతన్నారు?"

"గులాబీ. బతుకుతుందో లేదో పరీక్ష."

"ఓలమ్మ! మొక్కక్కూడా పరీచ్చలెట్టేస్తన్నారా? పాసైతే ఏటిస్తారు?"

"పాసైతే మీ ఊరికి మొక్కలిస్తాం."

ఆ మాటకి ఆమె ముఖంలో వేళాకోళం పోయింది. ఎండాకాలంలో రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట మానేయిస్తారు, మీకు తెలిసే ఉంటుంది. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి. "మొగోళ్ళు వలలు బాగుసేసుకుంటారు. మాకేటి పని? గంప బోర్లించి కూకుంటాం. అవే నెలల్లో ఊరూరా పెల్లిల్లు. పూలుంటే గంప బోర్లించక్కర్నేదు కదా. ఎలాగైనా పాస్ సేయించీ మేడమ్మా."

"పాస్ చేయించడం నా చేతిలో ఉండదు, వాతావరణం చేతిలో ఉంటుంది" అన్నాను. గొప్ప మాట అన్నాననుకున్నాను. మా ఉద్యోగాల్లో వాతావరణం అంత మంచి ఉద్యోగి ఇంకొకరు ఉండరు. ఏ నింద వేసినా పడుతుంది, ఎదురు చెప్పదు.

ఇక మూడు మడుల సంగతి. కొండమీద పువ్వులు విరగబూశాయి, కానీ మంచు ఆకుల మీద నిలిచి నల్లమచ్చ తెగులు తెచ్చింది. బాబాయ్ మొక్కల మధ్య ఎడం పెంచి, కింది ఆకులు తీసేసి గాలి ఆడేట్టు చేశాడు. కొత్తవలసలో ఎర్రనేల, ఎండకి మొక్కలు వాడిపోయాయి. అక్కడి కాపలాదారు భార్య, వేడి చేసిందేమోనని, మొక్కమొక్కకీ గ్లాసుడు పలచటి మజ్జిగ పోసింది. నేను వెళ్ళేసరికి మడి నిండా చీమలు. మజ్జిగ మాన్పించి, మొదళ్ళకి ఎండుగడ్డి కప్పించి, సాయంత్రం పూట నీళ్ళు పోయించాను. మొక్కలు తేరుకుని చొక్కా బొత్తాలంత పువ్వులు పూశాయి. పువ్వు చిన్నదైనా వాసన తగ్గలేదు.

ఒడ్డున మాత్రం సంక్రాంతి దాటేసరికి ఆకుల అంచులు మాడటం మొదలైంది. నెల తిరిగేసరికి కర్రలు మిగిలాయి. రోజూ నీళ్ళు పోస్తున్నావా అని షెల్టరు కాపలాదారుని అడిగాను. రెండు పూటలా పోస్తున్నానన్నాడు. నిజమే, పాపం, శ్రద్ధగా పోశాడు. వాడిన కొద్దీ ఇంకో బిందె ఎక్కువ పోయమన్నది నేనే. ఇంకేముంది, ఉప్పుగాలి, ఉక్క, వేడి అని తేల్చేశాను. కర్రలన్నీ పీకించి గోడ అవతల పడేయించాను. బోర్డు మాత్రం బాగానే ఉంది.

"తీరప్రాంత వాతావరణం ఈ రకానికి అనుకూలం కాదు" అని నివేదికలో రాసి, పెద్దసారుకి పంపేముందు బాబాయ్‌కి చదివి వినిపించాను. ఆయన కత్తెర తుడుచుకుంటూ విన్నాడు.

"పిల్ల సచ్చిపోనాదని రాసినారు. ఎందుకు సచ్చిపోనాదో ఆ ఊరోల్లని అడిగినారా అమ్మా?"

"వాతావరణం బాబాయ్."

"ఓపాలి నన్నంపండి. సూసొస్తాను."

చచ్చిన మొక్కల్ని చూడ్డానికి ప్రయాణం ఎందుకు అన్నాను. టూరు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఒప్పుకున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళు మనుషులతో పనిచేసి అదీ నాకు తెలిసింది!

మే నెలలో ఆమదాలవలసలో మా ఆఫీసులో ఆఖరి మీటింగు, తేదీ ఊళ్ళన్నిటికీ ముందే తెలుసు. ఆ రోజు పెద్దసారు జాబితా మీద సంతకం పెడితే మొక్కలు ఏ ఊళ్ళకో ఖాయం అయిపోతుంది. కొండ ఊళ్ళు ఉన్నాయి, మెట్ట ఊళ్ళు ఉన్నాయి, ఒడ్డు ఊళ్ళు ఒక్కటీ లేవు. ఆయన పెన్ను మూత తీస్తుండగా వరండాలో గొడవ.

"సేపల గంప లోపలికి తేకూడదు, అవతల పెట్టు!" అని మా గుమాస్తా ముక్కు మూసుకుని అరుస్తున్నాడు.

"ఏట బందు కదరా నాయినా, సేపలెక్కడివి? ముక్కిప్పి సూడు" అంటోంది అప్ప.

గంప మీద తడిగుడ్డ తీసింది. గుమాస్తా చెయ్యి ముక్కు మీంచి దానంతటదే దిగిపోయింది. మీటింగు గదిలో కూర్చున్న మా దాకా వచ్చింది వాసన. గంప సగానికి పైగా పన్నీరు గులాబీలు. కొండమీద పూసినంత పెద్దవి కావు, కొత్తవలస బొత్తాలూ కావు, మధ్యరకం. రేకుల మీద ఒక్క మచ్చ లేదు.

పెద్దసారు నావైపు చూశారు. "ఇవి ఎక్కడివి?"

"మా ఊరివే బాబూ," అంది అప్ప. "మేడమ్మ సచ్చిపోనాయని పారీసినారు కదా, అవే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొండమీంచి కొనుక్కొచ్చిందేమో అనుకున్నాను. నా ముఖం చూసి ఆమెకి అర్థమైపోయింది. "నమ్మకపోతే వొచ్చి సూసుకోండి. మావు ఊరు కదిపీసి తేలేం కదా!" అంది. పెద్దసారు పెన్ను మూత పెట్టేసి లేచారు. జీపులో అప్ప వెనక సీట్లో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను దారంతా వెనక్కి తిరిగి ఆ గంపనే చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ పేరు ఆ గంపలో ఉంది మరి.

ఆమె ఇంటి పక్కన, సరుగుడు చెట్ల వెనక, ఒక పాత చెక్క నావ ఉంది. అడుగున చిల్లులు పడి వేటకి పనికిరాకుండా పోయినది. అందులో కొస నుంచి కొస దాకా మట్టి నింపి ఉంది. మట్టిలో తొమ్మిది గులాబీ పొదలు. సముద్రం వైపు కర్రలు పాతి పాత వలలు రెండు మూడు మడతలు కట్టారు, ఉప్పుగాలి జోరు తగ్గడానికి. అప్ప భర్త నావ పక్కనే కూర్చుని కొత్త వల అల్లుతున్నాడు.

"నా నావలో ఇది తోటేసీసినాది బాబూ," అని పెద్దసారుకి ఫిర్యాదు చేశాడు. "అన్నమెట్టిన నావ, పొయ్యిలో ఎట్టకూడదని ఉంచితే, మట్టి పోసీసినాది."

"పొయ్యిలో ఎట్టనేదు కదా. ఇప్పుడూ అన్నమే పెడతాది, ఊరుకో" అంది అప్ప.

చిల్లులు పడిన నావ! కుండీకి అడుగున నీరు పోయే దారి ఉండాలని మేం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. మట్టి ఎక్కడిదని అడిగాను. ఒడ్డు ఊరంతా ఇసకే కదా. "సేపలమ్మీసి ఖాళీ గంప ఎందుకు మోసుకురావాల? పైఊరి సెరువు మట్టి ఏసుకొచ్చీదాన్ని. రోజుకో గంప." చేపలు మోసిన గంపలో మట్టి మోసింది, దానికి ఎరువు కూడా అందులోనే అంటుకుని వచ్చింది.

"మరి నీళ్ళు?" అని అడిగారు పెద్దసారు.

ఆమె మమ్మల్ని సరుగుడు తోటలోకి తీసుకెళ్ళింది. ఇసకలో మోకాలి లోతు గొయ్యి, అడుగున ఊరుతున్న నీళ్ళు. చెలమ. చెంబు ముంచి పెద్దసారుకి ఇచ్చి, తర్వాత నాకు ఇచ్చింది. తియ్యగా ఉన్నాయి. సముద్రానికి అంత దగ్గరలో అంత తియ్యటి నీళ్ళు ఉంటాయని నాకు తెలియదు. వాన నీరు ఇసకలో పైపైనే నిలుస్తుంది, లోతుకి పోతే ఉప్పు తగులుతుంది. బోరు లోతుగా ఉంటుంది. ఎండలు ముదిరేకొద్దీ అది ఇంకా ఉప్పగా మారుతుంది. ఊరందరికీ తెలుసు. ఎవరూ ఆ బోరు నీళ్ళు నోట పెట్టరు. కాపలాదారుకీ తెలుసు. నాకు తెలియదన్న సంగతే అతనికి తెలియదు.

"మావు తాగని నీల్లు మొక్కకి పోసినారు మేడమ్మా. అది మట్టుకు ఎలాగ తాగుతాది? మీరు సదువుకున్నోరు, ఏదో మందు పరీచ్చ సేస్తన్నారేమోననుకున్నాం. అడగడానికి బయమేసినాది."

నేను ఆ ఊరికి ఎనిమిది సార్లు వెళ్ళాను. ఎనిమిది సార్లూ ఆమదాలవలసలో సీసా నీళ్ళు కొనుక్కుని వెళ్ళాను. ఒక్కసారి ఒక్క ఇంట్లో గ్లాసుడు నీళ్ళు అడిగి ఉంటే, మొదటి గుటకలోనే చెలమ సంగతి తెలిసిపోయేది. ఆకు అంచులు మాడడం ఉప్పునీటి గుర్తని నాకు తెలియదా? నేను ఎందరికో చెప్పిన పాఠమే అది. వాతావరణం అని ముందే రాసి పెట్టుకున్నాను కాబట్టి కంటికి ఆనలేదు. చాలా సిగ్గేసింది.

తిరిగి నావ దగ్గరికి వస్తుంటే, దాని కొస మీద మడత పెట్టి ఉన్న ఖాళీ గోనెసంచి కనపడింది. మా నర్సరీ గుర్తు ఉన్న సంచి. గేటు పక్కన నేను వదిలేసి వచ్చిన సారె.

"ఎవరు తెచ్చారిది?"

"ఆ ముసిలాయన. పాతపట్నం మాటలాడతాడు. మేడమ్మ అంపినారన్నాడు. రెండు బస్సులు మారి సంచి బుజానేసుకొచ్చినాడు. గోడవతల్నుంచి ఏరి తడి ఇసకలో గుచ్చి ఉంచిన కర్రల్ని గోకి సూసి, ఇందులో పచ్చిదనం ఉన్నాది, బతుకుతాయి అన్నాడు. ఎక్కడ కత్తిరించాలో సెప్పినాడు. మొక్క సంగతి అడక్కముందు నీల్లడిగినాడు తెల్సా? తాగి, అప్పుడు కూకున్నాడు."

మేడమ్ పంపారని చెప్పాడట. సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో వచ్చి, నా పేరు చెప్పి వెళ్ళాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెద్దసారు చూడకుండా పువ్వుల మీదికి వంగాను.

"నివేదిక రాసింది మీరే కదా?" అని అడిగారు ఆయన.

"నేనే సార్. తప్పు రాశాను. చంపింది వాతావరణం కాదు, బోరు నీళ్ళు. ఆ నీళ్ళు పోయించింది నేను."

ఆయన కోప్పడతారనుకున్నాను. అప్ప ఇచ్చిన రెండో చెంబు కూడా తాగి, "అయితే చావుకి కారణం మార్చి రాయండి, బతికినవాటి సంగతి కూడా కలపండి" అన్నారు. జీపు బానెట్ మీద ఫైలు పెట్టి పాత వాక్యం కొట్టేశాను. ఆ ఒడ్డు వెంబడి చెలమలు ఉన్న ఊళ్ళని జాబితాలో చేర్చాం. అప్పుడే సంతకం అయిపోయింది. అప్ప పెద్దసారు పేరు అడగలేదు, కాగితం చూపించమనలేదు. "మరి వానలకి బేగి పంపండి" అని మాత్రం అంది.

ఆఫీసుకి వచ్చాక మా గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. కొండ మడి విస్తీర్ణం నింపాడు, కొత్తవలస మడి విస్తీర్ణం నింపాడు, మూడో గడి దగ్గర ఆగాడు. "మేడమ్, సెంట్లలో రాయాలి. అక్కడ భూమి ఎంత?"

"భూమి లేదు. నావ."

"నావని సెంట్లలో ఎలా రాస్తాం మేడమ్?"

పెద్దసారు తలెత్తకుండానే చెప్పారు: "విస్తీర్ణం, ఒక నావ. అలాగే రాయవయ్యా." ఆ రిజిస్టరు ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉంటుంది. ఎప్పుడైనా ఆడిట్ వాళ్ళు చదివి తల పట్టుకుంటే నన్ను క్షమించమనండి.

అంతా సుఖాంతమే అనుకోకండి. మొదటి ఏడు పంచిన మొక్కల్లో సగమే బతికాయి. కొందరు చెలమ దూరమని బోరు నీళ్ళే పోశారు, కొందరి మొక్కలు మేకలు తినేశాయి. కానీ ఆ తర్వాతి ఏడాది వేట బందు నెలల్లో శ్రీకాకుళం మార్కెట్లో చేపలమ్మే చోట అప్పా, ఇంకో నలుగురూ గంపల్లో గులాబీలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ పువ్వు వాసన చూసి, ఇందులో చేపల వాసన కొంచెం తగులుతోందే అంది. "దేవుడేటీ అనడమ్మా, నీకేటి?" అంది అప్ప. ఆమె నవ్వేసి రెండు దోసిళ్ళు కొనుక్కుంది. నేనూ కొన్నాను. నాకు చేపల వాసన తగల్లేదు, తగిలినా చెప్పేదాన్ని కాదు.

నివేదిక మార్చిన మర్నాడే కొండెక్కి బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. నా పేరు ఎందుకు చెప్పావని అడిగాను. "పిల్లని సూడ్డానికి ఇంటి పెద్ద అంపితేనే మరేద అమ్మా. నా అంతట నాను ఎల్లినానంటే మీకు నామోసీ కాదేటి?" అన్నాడు. ఆయన ముందు ఆ రోజు నేను ఏడ్చాను, నవ్వాను కూడా.

రిటైరయ్యాక విజయనగరంలో మేడ మీద వాటాలో ఉంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. ఏ ఊరు వెళ్ళినా ముందు ఒక గ్లాసు నీళ్ళు అడగండి, ఫోను తర్వాత తీయండి. మిగిలిన ఉద్యోగ కాలమంతా నేను అదే చేశాను. ఊరూరి నీళ్ళు తాగి ఒకసారి కడుపు కూడా పాడైంది, అయినా మానలేదు.

పోయిన కార్తీకంలో బాబాయ్ పాతపట్నం నుంచి ఒక పన్నీరు గులాబీ కొమ్మ పంపాడు, మనవడి చేత, సారెతో సహా. మేడ మీద కుండీలో పెట్టాను. నెల రోజులయ్యాక ఆయనే కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమన్నాను, టిఫిన్ పెడతానన్నాను. వద్దన్నాడు. నిలబడే ఉండి, "ఓ గ్లాసు నీల్లు" అన్నాడు. మొక్కకి పోసే నీళ్ళే పట్టి ఇచ్చాను. మెల్లగా, గుటక గుటకకీ ఆగుతూ, గ్లాసు ఖాళీ చేశాడు. నేను పరీక్ష రాసిన పిల్లలా చూస్తూ నిలబడ్డాను.

గ్లాసు నా చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పరవానేదమ్మా. బతుకుతాది" అన్నాడు. కుండీ వైపు ఇంకా చూడనేలేదు.